అవ్వ కాళ్లూ, నా కాలువా

కర్నూలు,
శివరాత్రి మరుసటి రోజు.

చిన్నోడికీ, పాపకూ తాత రాసేది.

సంక్రాంతికి వచ్చినప్పుడు మీరిద్దరూ అవ్వ వాచిన కాళ్లు చెరొకటి ఒళ్లో పెట్టుకుని, ఆముదం వెచ్చబెట్టి, పిక్కలు పిసికి పిసికి వదిలారు. నేను 'ఇంక చాల్లేండి' అంటే ముఖాలు మాడ్చుకున్నారు. అవ్వేమో 'పిల్లోల్లు ముచ్చటపడి కాళ్లు పడుతున్నారు, నీకేంది?' అని నన్నే కసిరింది. ఆ రోజు ఇంటినిండా చుట్టాలు, కూర్చోబెట్టి చెప్పే తీరిక లేకపోయింది. మీ మనసు మంచిదే. పట్టిన పట్టే తప్పు. అదెట్లాగో రాస్తాను, ఇద్దరూ చదవండి.

అవ్వ ముప్పై ఏళ్లు మన సందు మొదట్లో పొయ్యి ముందు నిలబడి ఉగ్గాని, బజ్జీ చేసి అమ్మింది. ఆ డబ్బుతోనే మీ నాయన చదివాడు. అన్నేళ్లు నిలబడితే కాళ్ల సిరల్లో రక్తాన్ని పైకి నిలిపే కవాటాలు వదులవుతాయి. వయసు దాన్ని ఇంకా పెంచుతుంది. మొదట్లో సాయంత్రానికి చీలమండలు ఉబ్బి తెల్లారేసరికి తీసేవి. తర్వాత తెల్లారినా తీయడం మానేశాయి. ముంగాలి ఎముక మీద బొటనవేలు పెట్టి పది లెక్కపెట్టేంతసేపు నొక్కితే గుంట పడి, అది నిండడానికి నిమిషం పట్టేది. చివరికి మెట్టె వేలికి బిగుసుకుపోతే కంసాలి దగ్గర కత్తిరించి తీయించాం. ఆ పూట అవ్వ అన్నం ముట్టలేదు.

ఫిజియోథెరపీ అమ్మాయి మొదట చూసింది కూడా ఆ మెట్టె ఉన్న చోటే. రెండో వేలి మొదట్లో చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి ఎత్తి చూసింది. మామూలుగా అక్కడ చర్మం మడతపడి లేస్తుంది. లేవకపోతే శోషరస నాళాలు కూడా దెబ్బతిన్నట్టే అంది. అవ్వకు లేచీ లేవనట్టు లేచింది.

శోషరసం గురించి మీ సైన్సు పుస్తకంలో ఉంటుంది, పరీక్ష కోసం బట్టీపట్టి మర్చిపోయి ఉంటారు. నా భాషలో చెప్తాను. కాలువలో నీళ్లు పారుతుంటే గట్టు పక్క పొలాల్లోకి ఊట దిగుతుంది కదా. రక్తం సన్న నాళాల్లో పారేటప్పుడూ అంతే, కొంత నీరు బయటికి ఊరుతుంది. ఆ ఊటను మళ్లీ పోగుచేసి తీసుకుపోయే డ్రెయిన్లే శోషరస నాళాలు. రోజుకు 2, 3 లీటర్ల దాకా మోసుకుపోయి మెడ కింద పెద్ద సిరల్లో కలుపుతాయి. వీటికి గుండె లాంటి మోటారు లేదు. గోడలు మెల్లగా ముడుచుకోవడం, నడిచేటప్పుడు పిక్క పిండడం, మనం తీసే ఊపిరి, వీటితోనే నడుస్తాయి. దారిలో గజ్జల్లో గ్రంథులుంటాయి. కాలికి దెబ్బ తగిలి చీము పడితే 'గజ్జల్లో బిళ్ల కట్టింది' అంటామే, అవే.

ఇక నా కాలువ. కె.సి. కెనాల్, అంటే కర్నూలు-కడప కాలువ మీద నీళ్లూ షట్టర్లూ చూసుకునే లస్కరుగా బతికినవాణ్ణి. సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి బయలుదేరి కడప దాకా పోయే కాలువ అది. 1860లలో దొరల కంపెనీ పడవలు కూడా నడపొచ్చని తవ్వించింది. అందులో జమ్ము మొలిచి పూడుకుపోయినప్పుడు కొత్తగా వచ్చినవాడు చేసే తప్పు ఒకటుంది. నీళ్లు రావట్లేదని పైన షట్టరు ఎత్తేస్తాడు. నీళ్లు వస్తాయి, ముందుకు పోయే దారి లేక గట్టు తెగుతుంది. తెలిసినవాడు ముందు దిగువన జమ్ము కోసి, దారి తెరిచి, అప్పుడు పైకి వస్తాడు. 2009 అక్టోబరు 2న కర్నూలు మునిగిందే, అప్పుడూ ఇదే కథ. కింద శ్రీశైలం జలాశయం నిండి వెనక్కి తన్నుతుంటే, పైనుంచి తుంగభద్ర, హంద్రీ తెచ్చిన వరద ఎటూ పోలేక ఊరి మీద పడింది. మీరప్పటికి పుట్టలేదు.

కాలికి దిగువ అంటే పాదం కాదు, గజ్జ. అక్కడినుంచి పొట్ట, మెడ. మీరిద్దరూ నేరుగా చీలమండ దగ్గర మొదలుపెట్టి పైకి తోశారు. అంటే దారి తెరవకుండా షట్టరెత్తారన్నమాట.

సరైన పద్ధతి చూడండి. అవ్వను వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్ల కింద దిండు పెట్టి, పొట్ట పైకి లేచేలా నాలుగైదుసార్లు ఊపిరి తీయించాలి. తర్వాత మెడ కింద భుజాలవైపు పోయే ఎముకల పైన రెండు గుంటలుంటాయి, అక్కడ వేళ్లు ఆనించి చర్మాన్ని మెల్లగా సాగదీసి వదలాలి. ఆ తర్వాత గజ్జలు. ఆ తర్వాత తొడ పైభాగం, తొడ కిందిభాగం, మోకాలి వెనక గుంట, పిక్క, చీలమండ, పాదం, ఈ వరసలో కిందికి దిగాలి. ఎక్కడ చేసినా నీటిని తోసేది మాత్రం పైకే. ఒక్కోచోట అయిదారుసార్లు. పాదం దాకా పోయాక మళ్లీ అదే దారిన గజ్జ దాకా రావాలి. ఇంట్లో చేసేదానికి ఇరవై నిమిషాలు చాలు.

బరువు ఎంత వేయాలంటే, కళ్లు మూసుకుని రెప్ప మీద వేలు పెట్టి రెప్పను కాస్త పక్కకు జరపండి. అంతే. ఆ నాళాల మొదళ్లు చర్మం కిందనే ఉంటాయి, సన్న దారాలతో చుట్టూ ఉన్న కణజాలానికి కట్టేసి ఉంటాయి. చర్మం సాగితే దారం లాగి తలుపు తెరుచుకుంటుంది. గట్టిగా నొక్కితే మూసుకుంటుంది, పైగా అక్కడికి రక్తం ఎక్కువొచ్చి ఊట పెరుగుతుంది. అందుకే నూనె వద్దు. నూనె ఉంటే చెయ్యి జారుతుందే గాని చర్మం సాగదు. వేడి అసలే వద్దు. మనూళ్లోనే ఒకచోట 'పది రోజుల్లో వాపు మాయం' అంటే నమ్మి, నేను అవ్వను తీసుకుపోయి కాగిన నూనెతో మర్దన చేయించాను. మూడో రోజుకు పిక్క కమిలి ఎర్రబడింది. డబ్బు పోయింది సరే, అవ్వ నెలరోజులు నాతో సరిగా మాట్లాడలేదు.

ఈ పద్ధతిని 1930లలో ఫ్రాన్సులోని కాన్ పట్నంలో డెన్మార్కు దంపతులు ఎమిల్ వాడర్, ఎస్ట్రిడ్ వాడర్ రూపొందించారు. జలుబు వదలక మెడలో బిళ్లలు కట్టినవాళ్ల మీద మొదలుపెట్టారు. తర్వాత జర్మనీలో ఫోల్డి దంపతులు దీనికి కట్టు, వ్యాయామం, చర్మం శుభ్రం కలిపారు. మన దగ్గర కేరళ కాసరగోడులో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అప్లైడ్ డెర్మటాలజీవాళ్లు బోదకాలు ఉన్నవాళ్లకు యోగా, ఆయుర్వేదం కలిపి, ఇంటివాళ్లే చేసుకునేలా నేర్పుతున్నారు.

ఇక్కడ ఒక మాట. చెయ్యి ఒక్కటే చేస్తే సాయంత్రానికి నీరు మళ్లీ వస్తుంది. సిరల వల్ల వచ్చిన వాపుకు పెద్ద పని కట్టుదే, చేతిది సాయం. మెడికల్ షాపులో దొరికే సాగే క్రేప్ బ్యాండేజీ సాయంత్రానికి జారిపోయింది. అంతగా సాగని బ్యాండేజీని వేళ్ల దగ్గర మొదలుపెట్టి, చీలమండ దగ్గర బిగువు ఎక్కువగా, పైకి పోయేకొద్దీ తక్కువగా చుట్టాలి. కట్టుకుని నడవాలి కూడా. అప్పుడే పిక్క పిండుతుంది. వాపు దిగాక కొలతకు తగ్గ బిగుతు మేజోళ్లు. కట్టేముందు డాక్టరు అవ్వ పాదానికి రక్తం సరిగా అందుతోందా అని చూశాడు. షుగరున్నవాళ్లకు అది చూడకుండా బిగిస్తే వేళ్లకే ప్రమాదం. అవ్వ వేసుకునే బీపీ మాత్ర, అమ్లోడిపిన్, అదీ కాళ్లు ఉబ్బిస్తుందని ఆయనే మార్చాడు. మనంతట మనం మాన్పించలేదు.

చెయ్యి పెట్టకూడని రోజులూ ఉన్నాయి, ఇది బాగా గుర్తుపెట్టుకోండి. ఒక్క కాలే ఉన్నట్టుండి వాచి పిక్క నొప్పి పుడితే లోపల రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. కాలు ఎర్రబడి, వేడెక్కి, చలిజ్వరం వస్తే చర్మంలో ఇన్ఫెక్షన్. రెండు కాళ్లూ వాచి, పడుకుంటే ఆయాసమొచ్చి లేచి కూర్చుంటే గుండె సంగతి. మూత్రపిండాలు చెడినా అంతే. వీటిలో ఏదున్నా కాళ్లు పట్టొద్దు, ఆటో పిలిచి ఆసుపత్రికి పోవాలి.

మొదట్లో అవ్వ నన్ను చెయ్యి వేయనివ్వలేదు. 'మొగుడు కాళ్లు పట్టుకోవడమేంది, యాడన్నా ఉందా' అని చీర కిందికి లాక్కునేది. వీధి తలుపు గడియ పెట్టాకే ఒప్పుకుంది. ఇప్పుడేమో రాత్రి వార్తలు మొదలైతే తనే వచ్చి మంచం మీద కాలు చాపుతుంది. టైలరు టేపుతో చీలమండ కొలిచి క్యాలెండరు మీద రాస్తున్నాను. ఉగాదికి 27 సెంటీమీటర్లు ఉన్నది ఇప్పుడు 24. కట్టు ఎగ్గొట్టి పెళ్లికి పోయిన వారం మళ్లీ 26 చూపించింది. పెళ్లి భోజనం బాగుందట.

వేసవి సెలవులకు వచ్చేటప్పుడు ఇద్దరూ గోళ్లు కత్తిరించుకుని రండి. పాపా, ఆ వేలికి రాయి ఉంగరం ఉంది చూడు, అది మీ అమ్మ దగ్గర పెట్టిరా. అవ్వ చర్మం పలచన, గీరుకుంటే మానడానికి పది రోజులు పడుతుంది. నేర్పించేది నేనే. ఎడమ కాలు చిన్నోడికి, కుడి కాలు పాపకు.

మీ తాత