చెరువు గట్టు భూమి మార్పిడి: బెంగళూరులో నేను తరచూ వినే అపోహలు

మాది హిందూపురం దగ్గర పల్లె. పట్టణ ప్రణాళిక చదువుకుని బెంగళూరు వచ్చి పందొమ్మిదేళ్లయింది. మొదటి ఆరేళ్లు ఒక ప్రైవేటు కన్సల్టెన్సీలో భూ వినియోగ మార్పిడి ఫైళ్లు తయారుచేశాను. మాస్టర్ ప్లాన్‌లో పార్కుగానో, బహిరంగ స్థలంగానో ఉన్న భూమిని కమర్షియల్‌గానో, రెసిడెన్షియల్‌గానో మార్చమని అడిగే ఫైళ్లవి. ఆ పని మానేసిన దగ్గర్నుంచి, చెరువుల పక్క భూముల్ని అలా మార్చడానికి అభ్యంతరం చెప్పే కాలనీల వాళ్లకు కాగితాలు రాసిపెడుతున్నాను. వర్తూరు, బెళ్లందూరు, సర్జాపుర రోడ్డు వైపు మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. మీటింగుకు వెళ్లిన ప్రతిచోటా దాదాపు ఇవే మాటలు వింటున్నాను.

అపోహ: "అది సర్కారు భూమి. ఎవరికిచ్చినా వాళ్ల ఇష్టం."

కాదు. చెరువు, పార్కు, గట్టు వంటి భూముల మీద ప్రభుత్వానికి ఉన్నది ధర్మకర్త హక్కు. గుడి మాన్యాన్ని ధర్మకర్త అమ్ముకోలేడు కదా, ఇదీ అంతే. బియాస్ నది ఒడ్డున ఒక హోటల్‌కు భూమి లీజుకిచ్చిన కేసులో సుప్రీంకోర్టు 1996లో ఈ సూత్రాన్నే చెప్పి ఆ లీజును రద్దు చేసింది.

దీనికి ఐదేళ్ల ముందే బెంగళూరులోనే ఒక కేసు జరిగింది. రాజమహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్‌లో పార్కుకు వదిలిన స్థలాన్ని ఆసుపత్రి కట్టుకోమని ఒక ప్రైవేటు ట్రస్టుకు ఇచ్చారు. కాలనీవాసులు కోర్టుకెక్కారు. 1991లో సుప్రీంకోర్టు వాళ్ల పక్షానే నిలబడింది. ఆసుపత్రి కూడా ప్రజల కోసమే కదా అన్న వాదన చెల్లలేదు. ఆ కాలనీవాళ్లకు కేసు వేసే హక్కు లేదన్న వాదనా చెల్లలేదు. ఈ తీర్పు గురించి నేను ప్రతి మీటింగులోనూ చెప్తాను. ఎందుకంటే ఆ కేసు నడిపింది ఆ వీధుల్లో ఉండే మామూలు మనుషులు.

మనవాళ్లకు ఇంకా దగ్గరి ఉదాహరణ తిరుపతిది. అవిలాల చెరువు, పేరూరు చెరువు భూముల్ని ఇళ్ల నిర్మాణానికి ప్రభుత్వ సంస్థలకే ఇచ్చారు. 2006లో సుప్రీంకోర్టు అక్కడ ఇకముందు కట్టడాలు వద్దంది. అంటే, తీసుకున్నది ప్రభుత్వ సంస్థే అయినా అడగొచ్చు.

అపోహ: "నీళ్లే లేవు, అదేం చెరువు?"

బెంగళూరులో ఎక్కువ నష్టం చేసిన మాట ఇదే. ధర్మాంబుధి కెరె (కన్నడలో కెరె అంటే చెరువు) ఇప్పుడు మెజెస్టిక్ బస్టాండు. సంపంగి కెరె కంఠీరవ స్టేడియం అయింది. చల్లఘట్ట చెరువులో గోల్ఫ్ కోర్సు, కోరమంగల చెరువులో జాతీయ క్రీడల కోసం కట్టిన అపార్ట్‌మెంట్లు వచ్చాయి. ఒక్కరోజులో ఏదీ పోలేదు. ముందు కాలువ మూసుకుపోతుంది, చెరువు ఎండుతుంది, ఆ తర్వాత "ఇది ఖాళీ జాగా" అంటారు.

చెరువు ఎంతవరకు అన్నదానికి ఈరోజు కనిపించే నీళ్లు కొలత కాదు. మాస్టర్ ప్లాన్ నిబంధన చెప్పేది కూడా రెవెన్యూ రికార్డుల ప్రకారం ఉన్న చెరువు గురించే. అందుకే నేను ముందు గ్రామ నక్షా, ఆర్‌టీసీ (మన పహాణీ లాంటి భూమి రికార్డు), సర్వే స్కెచ్ తెప్పిస్తాను. ఆర్‌టీసీలో "బి ఖరాబు" అని ఉంటే అది దారి, కాలువ, చెరువు, శ్మశానం లాంటి ప్రజా అవసరానికి వదిలిన భూమి.

తూర్పు బెంగళూరులో ఒక చెరువు విషయంలో మాకు నక్షా దొరకడం ఆలస్యమైంది. ఆ ఊళ్లో ఒక నీరుగంటి కుటుంబం ఉంది. తరతరాలుగా తూము తీసి పొలాలకు నీళ్లు వదిలినవాళ్లు. ఎనభై ఏళ్ల పెద్దాయన కర్ర పట్టుకుని మాతోపాటు నడిచి, ఒక పెట్రోల్ బంకు వెనక ఆగాడు. "నీళ్లు ఈడిదాకా వస్తా ఉండె నాయనా. అలుగు పారితే ఆ పక్కకు పొయ్యేది" అన్నాడు. నెల తర్వాత నక్షా వచ్చింది. ఆయన ఆగిన చోటికీ గీతకూ పది అడుగుల తేడా కూడా లేదు. మన పల్లెల్లో శిఖం భూమి (చెరువు లోపలి భూమి) ఎక్కడిదాకా అంటే పెద్దవాళ్లు చెప్పినట్టే ఇక్కడా చెప్తారు. వాళ్లను అడగండి, వాళ్ల మాటల్ని వీడియో తీయండి, అభ్యంతరానికి జతచేయండి.

అపోహ: "చెరువు చుట్టూ 75 మీటర్లు వదలాలి. అదొక్కటి రాస్తే చాలు."

అభ్యంతరాల్లో నేను ఎక్కువగా దిద్దే తప్పు ఇది. 75 మీటర్లని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016లో చెప్పింది నిజమే. కానీ బఫర్‌ను, అంటే చుట్టూ వదలాల్సిన జాగాను, పెంచిన ఆ భాగాన్ని 2019 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. దాంతో 2015 కోసం వేసి 2007లో ఆమోదించిన మాస్టర్ ప్లాన్ లెక్కే మళ్లీ వచ్చింది: చెరువుకు 30 మీటర్లు, రాజకాలువకు (వాన నీళ్లు పోయే కాలువకు) దాని స్థాయిని బట్టి 50, 25, 15 మీటర్లు. 2031 కోసం ముసాయిదా ప్లాన్ వచ్చింది గానీ దాన్ని వెనక్కి తీసుకున్నారు. చెరువు విస్తీర్ణాన్ని బట్టి బఫర్‌ను మార్చే బిల్లు 2025లో శాసనసభకు వచ్చింది. కాబట్టి లేఖ రాసే రోజున ఏ నిబంధన అమల్లో ఉందో చూసుకుని రాయండి. కొట్టేసిన అంకె మీద లేఖంతా నిలబెడితే, అవతలి కన్సల్టెంటుకు అదొక్కటి చూపించి మిగతాదంతా తోసేయడం సులువు. ఒకప్పుడు ఆ పని నేనే చేశాను.

చిత్తడి నేలల నిబంధనల విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. 2017 నిబంధనల నిర్వచనంలోంచి తాగునీటికి, సాగుకు మనుషులు తవ్వుకున్న చెరువుల్ని తీసేశారు. బెంగళూరు చెరువులు చాలావరకు అలాంటివే. ఆ నిబంధన మీద ఆశ పెట్టుకుని మిగతా ఆధారాలు వదిలేయొద్దు.

అపోహ: "మనం అద్దెకుండేవాళ్లం, బయటి రాష్ట్రం వాళ్లం. మనమెలా అడుగుతాం?"

ఈ మాట వింటే నాకు నిజంగా బాధేస్తుంది. "అన్నా, మేం కడప నుంచి వచ్చాం, రేపు వేరే ఊరు పోతాం, మాకెందుకు టెన్షన్" అని ఒక తమ్ముడు అన్నాడు. 2022 సెప్టెంబరు మొదటి వారంలో ఔటర్ రింగ్ రోడ్డు వైపు నీళ్లు నిలిచినప్పుడు ట్రాక్టర్ ఎక్కి ఆఫీసుకు వెళ్లినవాళ్లలో ఆ తమ్ముడూ ఉన్నాడు. పెద్ద నది లేని ఊరు ఇది. వాన నీళ్లు ఒక చెరువు నిండి అలుగు పారితే కింది చెరువుకు చేరతాయి. మధ్యలో దారి మూస్తే ఆ నీళ్లు సెల్లార్‌లోకి వస్తాయి. ఓనరా, అద్దెకున్నారా అని చూడవు.

చట్టం కూడా చూడదు. కర్ణాటక టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ చట్టం 1961లోని 14-ఎ సెక్షన్ అభ్యంతరాలు అడిగేది "ప్రజల" నుంచి. స్థల యజమానులనో, ఇక్కడి ఓటర్లనో అనలేదు.

అపోహ: "జేసీబీ వచ్చినప్పుడు చూద్దాం."

అప్పటికి చాలా ఆలస్యమైపోతుంది. అదే సెక్షన్ ప్రకారం మార్పును దినపత్రికలో ప్రకటించి, అభ్యంతరాలకు కనీసం 15 రోజులు ఇవ్వాలి. ఆ ప్రకటన లోపలి పేజీలో చిన్న పెట్టెలో ఉంటుంది. చాలాసార్లు చెరువు పేరు ఉండదు, ఊరు, హోబళి (కొన్ని ఊళ్లు కలిపిన రెవెన్యూ విభాగం), సర్వే నంబరు మాత్రమే ఉంటాయి. నాలుగేళ్ల కింద ఒక కాలనీవాళ్లు గడువు దాటిన రెండో రోజు నా దగ్గరికి వచ్చారు. ఆ రాత్రే కూర్చుని లేఖ రాసి మర్నాడు ఇచ్చాం. "గడువు తర్వాత అందింది" అని ఒక్క వాక్యం రాసి పక్కన పెట్టారు. ఆ చెరువు గట్టు పక్కన ఇప్పుడు రేకుల ప్రహరీ ఉంది. అటు వెళ్లినప్పుడల్లా నాకు ఆ రెండు రోజులే గుర్తొస్తాయి.

కాబట్టి మీ చెరువు చుట్టుపక్కల సర్వే నంబర్లన్నీ ఒక కాగితం మీద రాసి అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టండి. కన్నడ పత్రిక చూసే పని వారానికి ఒకరు తీసుకోండి. లిపి మనకు దగ్గరిదే, కాస్త కష్టపడితే చదవడం వస్తుంది.

అపోహ: "వెయ్యి సంతకాలు పెడితే ఆగిపోతుంది."

ఒకే లేఖను వెయ్యిమంది ఇస్తే ఫైల్‌లో అది ఒకే అభ్యంతరంగా కూర్చోవడం నేను చూశాను. మార్పు ప్రజా ప్రయోజనం కోసమే ఉండాలని, వేరే చట్టాలకు విరుద్ధంగా ఉండకూడదని 14-ఎ షరతు పెట్టింది. మీ లేఖ దానికే జవాబు చెప్పాలి. పది వేర్వేరు లేఖలు రాయండి. ఒకరు కాలువ దారి గురించి, ఒకరు నీరుగంటి పెద్దాయన చెప్పినదాని గురించి, ఒకరు పిల్లలు ఆడుకునే జాగా గురించి, ఒకరు గట్టు మీద పశువులు మేపుకునే వాళ్ల గురించి రాస్తే ప్రతిదానికీ విడిగా సమాధానం రాయమని అడగడానికి వీలుంటుంది.

అపోహ: "వాకింగ్ ట్రాక్ కట్టిస్తామన్నారు, చెరువు బాగుపడుతుంది కదా."

బ్రోచర్‌లో ఉన్నది షరతు కాదు. ఉత్తర్వులో రాసిందే షరతు. 2000 తర్వాతి ఏళ్లలో హెబ్బాళ, నాగవార వంటి చెరువుల్ని ప్రైవేటు సంస్థలకు లీజుకిచ్చినప్పుడు కూడా అభివృద్ధి పేరే చెప్పారు. దాని మీద ప్రజా ప్రయోజన వ్యాజ్యం హైకోర్టు దాకా వెళ్లింది. ట్రాక్ వేస్తామంటే, టికెట్ ఉంటుందా, గేటు ఎన్నింటికి తెరుస్తారు, గొర్రెలు తోలుకొచ్చే వాళ్లకు దారి ఉంటుందా అని రాతలో అడగండి.

లేఖ ఇచ్చేటప్పుడు రెండు ప్రతులు తీసుకెళ్లండి. రెండో దాని మీద కార్యాలయం ముద్ర, తేదీ, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి. "పెట్టి వెళ్లండి, తర్వాత వేస్తాం" అంటే కౌంటర్ దగ్గరే నిలబడండి. ఆ ముద్ర పడిన కాగితం మీ చేతికి వచ్చాకే బయటికి రండి.