పదేళ్ల మాట ఎవరిది?

హనుమకొండ

చిరంజీవులైన మనవళ్లకు, మనవరాళ్లకు తాతయ్య ఆశీస్సులు.

రిజర్వేషన్లు పదేళ్లే ఉండాలని అంబేద్కర్ రాశారంటూ మీ ఫోన్లకు వచ్చిన సందేశం చూశాను. అది నిజం కాదు. రాజ్యాంగంలో మొదట పదేళ్ల గడువు పెట్టింది 334వ అధికరణంలో. అది లోక్‌సభలోనూ శాసనసభల్లోనూ ఎస్సీ, ఎస్టీలకు కేటాయించిన స్థానాలకు సంబంధించినది. ఉద్యోగాల గురించి చెప్పే 16వ అధికరణంలో ఏ గడువూ లేదు. చదువుల కోసం 1951లో 15వ అధికరణానికి చేర్చిన నిబంధనలోనూ లేదు.

ఆ పదేళ్లూ అంబేద్కర్ కోరుకున్నవి కావు. 1949 ఆగస్టులో రాజ్యాంగ సభలో ఆ విషయం చర్చకు వచ్చినప్పుడు, తానైతే ఇంకా ఎక్కువ కాలం కోసం పట్టుబట్టేవాడినని, సభ నిర్ణయానికి తలవంచుతున్నానని ఆయన చెప్పారు. గడువు ముగియాలని తొందరపడిన సభ్యులకు చిన్న మనసులతో పెద్ద రాజ్యాలు నడవవన్న బ్రిటిష్ రాజనీతిజ్ఞుడు ఎడ్మండ్ బర్క్ మాటను గుర్తు చేశారు. అలాంటి మనిషి నోట సరిగ్గా ఎదురు మాట పెట్టి ఊరూరా పంచుతున్నారు. నాకు కోపం వచ్చేది అక్కడే.

ఇంకో పొరపాటు ప్రేమ వల్ల పుట్టింది. చేతిలో పుస్తకంతో ఉన్న విగ్రహాన్ని చూసి, రాజ్యాంగం మొత్తం ఆయన ఒక్కరే రాశారని మీరు అనుకుంటారు. 1949 నవంబరు 25 నాటి ప్రసంగంలో ఆ ఘనతలో కొంత తొలి ముసాయిదా తయారు చేసిన బెనెగళ్ నర్సింగ్ రావుదని, కొంత ప్రధాన ముసాయిదాకారుడు ఎస్.ఎన్. ముఖర్జీదని ఆయనే చెప్పారు. అలాగని ఆయన శ్రమను తగ్గించి చూడకండి. ముసాయిదా సంఘంలోని ఏడుగురిలో ఒకరు రాజీనామా చేశారు, ఒకరు చనిపోయారు, ఒకరు అమెరికాలో ఉండిపోయారు. మిగిలినవారిలోనూ కొందరు రాలేకపోయారు. చివరికి భారమంతా అంబేద్కర్ మీదే పడిందని రాజ్యాంగ సభ సభ్యుడు టి.టి. కృష్ణమాచారి 1948 నవంబరులో సభకు చెప్పారు. రెండు మాటలూ నిజమే, రెండూ గుర్తుంచుకోండి.

నెహ్రూ బట్టలు ఉతకడానికి పారిస్ వెళ్లేవన్నది కట్టుకథ. ఆయన తన ఆత్మకథలోనే దాన్ని కొట్టిపారేశారు. ఆయన నమ్మకాల గురించి మాత్రం కాస్త ఓపికగా వినండి. తాను పోయాక మతపరమైన కర్మకాండలు ఏవీ వద్దని 1954లో వీలునామాలో రాసుకున్నారు. అందులోనే పిడికెడు చితాభస్మాన్ని ప్రయాగ దగ్గర గంగలో కలపమన్నారు. అందులో మతపరమైన భావమేమీ లేదని, చిన్ననాటి నుంచీ ఆ నదితో తనకున్న అనుబంధమే కారణమని కూడా రాశారు. మిగిలిన భస్మాన్ని విమానం నుంచి రైతులు శ్రమించే పొలాల మీద చల్లమన్నారు. ఆయన్ను పరమ భక్తుడనేవారూ, ఈ దేశమంటే గిట్టనివాడనేవారూ ఆ కాగితం చదివి ఉండరు.

పటేల్, నెహ్రూ చాలా విషయాల్లో విభేదించారు, ఒక దశలో రాజీనామాల మాట కూడా వచ్చింది. అయినా గాంధీజీ హత్య తర్వాత పటేల్ 1950 డిసెంబరులో మరణించేవరకు ఒకే ప్రభుత్వంలో కలిసి పనిచేశారు.

దసరా సెలవులకు రండి. రాజ్యాంగ సభ చర్చల సంపుటాలు గ్రంథాలయం నుంచి తెప్పిస్తాను. ముందు అంబేద్కర్ నవంబరు ప్రసంగం చదువుదాం. పెద్దవాడు గట్టిగా చదవాలి, చిన్నవాళ్లు అర్థం కానిచోట ఆపి అడగాలి.

మీ
తాతయ్య