కదలకండి అనేది అందుకే

ఎమ్మారై గదిలో చేతికి సూది పెట్టి, కాంట్రాస్ట్ ఇస్తున్నాం, కదలకండి అంటారు. ఆ మందులో గాడోలినియం అనే లోహం ఉంటుంది. మామూలు మోతాదు ఒంటి బరువులో కిలోకి 0.1 మిల్లీమోల్. అది తనంతట తాను వెలగదు. స్కానర్ కదిలించిన, తన పక్కనున్న నీటిలోని హైడ్రోజన్‌ను త్వరగా మామూలు స్థితికి తెస్తుంది. దాంతో అది చేరిన చోటు టీ1 అనే రకం ఎమ్మారై బొమ్మలో తెల్లగా వస్తుంది.

చిక్కల్లా, మందు చేరకపోయినా తెల్లగా ఉండేవి ఒంట్లో ఇంకా ఉన్నాయి. కొవ్వు తెలుపే. కిడ్నీలో పాత రక్తం చేరిన సిస్ట్ (ద్రవం నిండిన తిత్తి) కూడా తెల్లగానే కనపడొచ్చు. అది వట్టి సిస్టా, రక్తం అందుతున్న కణితా? దీన్ని తేల్చడానికి చిన్నప్పటి తీసివేత లెక్క చాలు. మందు ఇచ్చాక తీసిన బొమ్మలోంచి ముందు తీసిన బొమ్మను చుక్క చుక్కగా తీసేస్తారు. మారనిదంతా నలుపైపోతుంది, మందు చేరిన చోటే మిగులుతుంది. 1930లలోనే డచ్ వైద్యుడు జీడ్సెస్ దెస్ ప్లాంటెస్ ఎక్స్‌రే ఫిల్ముల మీద ఈ కిటుకు వాడాడు.

కానీ రెండు బొమ్మలూ అచ్చంగా ఒకదాని మీద ఒకటి కూర్చోవాలి. ఊపిరితో పాటు కిడ్నీ కూడా పైకీ కిందికీ జరుగుతుంది. రెండోసారి ఊపిరి కాస్త ఎక్కువ బిగబట్టినా, తీసివేతలో సిస్ట్ అంచున లేని తెల్లగీత పుడుతుంది. సాఫ్ట్‌వేర్ సర్దుతుంది, పూర్తిగా కాదు.

రక్తనాళాలకైతే మిప్ అనే పద్ధతి ఉంది. క్యూలో నిలబడ్డవాళ్లను ఎదుటి నుంచి చూస్తే అందరికన్నా పొడుగాయన తలే కనపడుతుంది కదా, అలా ఒక్కో వరుసలో అన్నిటికన్నా తెల్లని చుక్కనే ఉంచుతుంది. పొరలు పొరలుగా తీసిన వందలాది ముక్కల బొమ్మలు కలిసి మెడ నాళాలు చెట్టుకొమ్మల్లా కనపడతాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, నాకైతే అందుకే కాస్త అనుమానం. ఆ పొడుగాయన ముందున్నాడో వెనకున్నాడో తెలియదు. తెల్లని రక్తం మధ్య నల్లగా ఉన్న రక్తపు గడ్డ దాక్కుపోతుంది. అంచులు మసకబారితే నాళం ఉన్నదానికన్నా ఎక్కువ సన్నబడినట్టు కనపడుతుంది.

రొమ్ము పరీక్షలో మందు ఎంత వేగంగా ఎక్కి ఎంత వేగంగా దిగిందో గ్రాఫ్ గీస్తారు. త్వరగా ఎక్కి త్వరగా దిగితే అనుమానమే గానీ రుజువు కాదు.

మన చేతికిచ్చే ఫిల్ములో మెరిసేది ఎక్కువగా ఆ కొమ్మల బొమ్మే. రేడియాలజిస్టు మాత్రం రిపోర్టు రాసేముందు మౌస్ తిప్పుకుంటూ బూడిదరంగు అసలు ముక్కలన్నీ మళ్లీ చూస్తారు.