పద్యానికి ముందున్న కథ

చిరంజీవులకు ఆశీస్సులు.

మొన్న సెలవుల్లో నల్లగొండ వచ్చినప్పుడు నా పాత తెలుగు వాచకాలు తిరగేసి, "గజేంద్ర మోక్షం ఇంతేనా తాతా?" అని అడిగారు. తీరిగ్గా చెప్తానన్నాను కదా, అందుకే ఈ ఉత్తరం.

ఆ పాఠాలు పెద్ద కావ్యాల్లోంచి ఏరి తీసిన కొన్ని పద్యాలు మాత్రమే. కంఠస్థం చేయాల్సిన వాటికి పక్కన చుక్క గుర్తు. "సిరికిం జెప్పడు" అలాంటిదే. లక్ష్మికి చెప్పకుండా, శంఖచక్రాలు పట్టకుండా, చేతిలోని ఆమె కొంగైనా వదలకుండా విష్ణువు పరుగెత్తిన పద్యం. గొప్పదే. కానీ పోతన భాగవతం అష్టమ స్కంధంలో కాస్త వెనక్కి వెళ్లండి. వెయ్యేళ్లు మొసలితో పోరాడి అలసిన ఏనుగు దేవుణ్ణి పిలవబోతూ అనుమానపడుతుంది: "కలడు కలండనెడివాడు కలడో లేడో!" అంతటి భక్తుడై ఉండీ పోతన ఆ సందేహాన్ని దాచలేదు. తర్వాత దాని మొర బ్రహ్మాదుల చెవిన కూడా పడింది, ఎవరూ కదల్లేదు. ఇదంతా తెలిశాక చదివితేనే ఆ పరుగులోని తొందర మనకు తగులుతుంది.

పద్యాల మధ్య కథ నడిపేది వచనం. పాఠం కుదించేటప్పుడు చాలాసార్లు కత్తెర పడేది దానికే.

"నుతజల పూరితంబులగు" పద్యాన్నీ సూక్తిలా అప్పజెప్పేస్తాం. నూరు నూతుల కంటే ఒక దిగుడుబావి మేలు, చివరికి నూరుగురు కొడుకుల కంటే ఒక సత్యవాక్యం మేలు అని. నన్నయ ఆదిపర్వంలో అది కొడుకును వెంటబెట్టుకొచ్చిన శకుంతల, ఎరగనట్టు మాట్లాడుతున్న దుష్యంతుడితో నిండు సభలో అన్న మాట. ఉంగరం కాళిదాసు నాటకంలోది. ఇక్కడ ఆమె చేతిలో ఏ గుర్తూ లేదు. సత్యం గురించి ఆమె ఎందుకంత గట్టిగా అడుగుతుందో అప్పుడు తెలుస్తుంది.

మా తరానికి ఈ లోటు అంతగా తెలియలేదు. దేవరకొండ వైపు మా ఊళ్లో తెల్లవార్లూ యక్షగానం ఆడేవారు. బడిలో ప్రహ్లాదుడి పద్యం వచ్చేసరికి స్తంభం ఎందుకు పగిలిందో మాకు ముందే తెలుసు. మీకు ఆ వీలు లేకపోయింది. పద్యం నోటికి రాలేదని టెన్షన్ పడకండి, ముందు కథ మొత్తం చదవండి. గ్రంథాలయంలో తాత్పర్యాలున్న భాగవతం అడగండి.

దసరాకు వచ్చినప్పుడు వామన చరిత్ర చదువుకుందాం. "కారే రాజులు" అని బలి ఎవరికి జవాబు చెప్పాడో, ఆయన అంతకుముందు ఏమన్నాడో వెతికి పెట్టుకుని రండి.

మీ తాత