సెకండ్ హ్యాండ్ ఎస్‌యూవీ బోల్తా పడకుండా: ఏం మార్చాలి, ఏం తీసేయాలి

పదేళ్లు తిరిగిన బొలెరోనో స్కార్పియోనో ఇంటి అవసరానికి కొన్నాక చాలామంది నేరుగా యాక్సెసరీస్ దుకాణానికి వెళ్తారు. పైన క్యారియర్, ముందు ఇనప గార్డు, లావుపాటి టైర్లు, వెనక కమాన్ కట్టలో ఇంకో పట్టీ బిగించుకుని వస్తారు. బండి చూడటానికి దిట్టంగా ఉంటుంది కానీ, మలుపులో నిలబడే శక్తి కొన్నరోజు కన్నా తగ్గి ఉంటుంది. పాత బండికి కావలసింది కొత్త సామాను కాదు. అరిగినవాటిని కంపెనీ ఇచ్చిన స్థితికి తేవాలి, పైనున్న బరువు దించాలి.

ఎందుకో చిన్న లెక్కతో తెలుస్తుంది. ఎడమ, కుడి చక్రాల నడిమి దూరంలో సగాన్ని, బండి గరిమనాభి (బరువంతా కేంద్రీకరించినట్టుండే బిందువు) ఎత్తుతో భాగించండి. వచ్చిన సంఖ్యే నిలకడ గుణకం. అది ఎంత పెద్దదైతే బండి అంత నిలకడ. అమెరికా రహదారి భద్రతా సంస్థ 2001 మోడళ్ల నుంచి బోల్తా రేటింగులకు దీన్నే ఆధారం చేసుకుంది. మామూలు కార్లకు ఇది ఎక్కువగా 1.3 నుంచి 1.5 దాకా, ఎస్‌యూవీలకు, పికప్‌లకు 1.0 నుంచి 1.3 దాకా ఉంటుంది.

1,700 కిలోల బండి ఒకటి తీసుకుందాం. చక్రాల మధ్య 1.45 మీటర్లు, గరిమనాభి నేలకు 70 సెంటీమీటర్ల ఎత్తున ఉందనుకుంటే గుణకం 1.04. ఇప్పుడు పైన క్యారియర్ మీద 25 కిలోల బియ్యం బస్తాలు నాలుగు వేయండి. ఆ వంద కిలోలు నేలకు 1.95 మీటర్ల ఎత్తున కూర్చుంటాయి. గరిమనాభి ఏడు సెంటీమీటర్లు పైకి లేస్తుంది, గుణకం 0.94కి పడిపోతుంది. అవే బస్తాలు మధ్య సీటు వెనక, బండి లోపలి అడుగున వేస్తే నిలకడకు దాదాపు ఏ నష్టమూ ఉండదు. బండి ఎత్తు పెంచడమూ క్యారియర్ లాంటిదే. స్ప్రింగుల కింద దిమ్మలు పెట్టి 5 సెంటీమీటర్లు లేపితే ఇదే బండి గుణకం 0.97 అవుతుంది.

ఘాట్ రోడ్డులో దీని అర్థం ఏమిటి? మలుపులో బండిని బయటికి నెట్టే బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 15 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపులో 30 కి.మీ. వేగానికి అది బండి బరువులో 0.47 వంతు. 40 కి.మీ.కి 0.84 వంతు. వేగం మూడో వంతు పెరిగితే అడ్డబలం ముప్పాతిక వంతుకు పైగా పెరిగింది. సస్పెన్షన్ ఒరగడం, టైరు పక్కకు వంగడం వల్ల అసలు హద్దు కాగితం మీది గుణకం కన్నా ఇంకొంత తక్కువే. శ్రీశైలం దారిలో పైన సామాను కట్టిన బండి దగ్గర మిగిలే వెసులుబాటు చాలా తక్కువ.

అయితే ఉత్త మలుపు వేగానికే బోల్తా పడటం అరుదు. తారు మీద టైర్లు సాధారణంగా ముందే జారిపోతాయి. ఎక్కువ బోల్తాలు ఆ జారుడు తర్వాతే జరుగుతాయి. పక్కకు జారుతున్న చక్రం మెత్తటి మట్టిలో దిగుతుంది, లేదా డివైడర్ అంచుకు తగులుతుంది. కింద చక్రం ఆగిపోతుంది, పైన బరువు ఆగదు. పైన చెప్పిన కొలతలతో లెక్కవేస్తే, పక్కవాటుగా గంటకు సుమారు 15 కి.మీ. వేగంతో జారి చక్రం ఒక్కసారిగా అడ్డం తగిలితే చాలు, బండి తిరగబడుతుంది. అది సైకిల్ తొక్కే వేగం. కాబట్టి మన పనంతా బండి పక్కకు జారకుండా చూసుకోవడం. అది టైర్లతో మొదలవుతుంది.

టైరు వైఫల్యం ఎంత దూరం తీసుకెళ్తుందో 2000లో అమెరికా చూసింది. ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బండ్లకు వేసిన ఫైర్‌స్టోన్ టైర్ల ట్రెడ్ పొర (నేలను తాకే గాడుల పొర) వేగంలో ఊడిపోయేది, బండి అదుపు తప్పి బోల్తా పడేది. ఆ ఆగస్టులో 65 లక్షల టైర్లు వెనక్కి రప్పించారు. ఈ టైర్లతో ముడిపడిన ప్రమాదాల్లో 271 మంది చనిపోయినట్టు ప్రభుత్వ లెక్క. ఆ బండికి ఫోర్డ్ సూచించిన గాలి 26 పీఎస్ఐ మాత్రమే కావడం పెద్ద వివాదమైంది. గాలి తక్కువైన కొద్దీ టైరు పక్కగోడ ఎక్కువ వంగుతుంది, వంగిన కొద్దీ వేడెక్కుతుంది, ఆ వేడికి లోపలి పొరల అతుకు వదులవుతుంది. మే నెల ఎండలో నిండు కుటుంబంతో హైవే మీద పోయే బండిలో జరిగేదీ ఇదే.

అందుకే టైరు మీద డాట్ అక్షరాల వరుస చివరి నాలుగు అంకెలు చూడండి. 3219 అంటే 2019లో 32వ వారం తయారీ. గాడి లోతు ఎంతున్నా, ఆరేడేళ్లు దాటి పక్కగోడల్లో సన్నని బీటలు కనిపిస్తే మార్చాల్సిందే. గాడుల్లో అడ్డంగా ఉండే గుర్తు 1.6 మి.మీ. దగ్గర తేలుతుంది. వానాకాలానికి ముందు 3 మి.మీ. కన్నా తగ్గితే నీటిపై తేలే ముప్పు ఉంటుంది, గుర్తు తేలేదాకా ఆగొద్దు. కొనేటప్పుడు సైజుతో పాటు లోడ్ ఇండెక్స్ కూడా సరిపోవాలి. 97 అంటే ఒక్కో టైరు 730 కిలోలు మోస్తుంది, 104 అంటే 900 కిలోలు. పాతదాని కన్నా తక్కువ అంకె ఉన్నది చవకగా వచ్చినా వద్దు. రెండే కొంటే కొత్త జత వెనక్కి వెళ్లాలి. షాపులో ముందుకే వేస్తామంటారు. ఒప్పుకోకండి. ముందు టైర్లు పట్టు తప్పితే బండి తిన్నగా పోతుంది, బ్రేకు వేసుకోవచ్చు. వెనకవి తప్పితే తోక తిరిగి బండి అడ్డం పడుతుంది. టైర్లు చల్లగా ఉన్నప్పుడే, డ్రైవర్ తలుపు దగ్గరున్న పట్టిక ప్రకారం గాలి పట్టించాలి. పూర్తి లోడుకు అందులో వేరే అంకె ఉంటుంది. నైట్రోజన్ కోసం తాపత్రయపడక్కర్లేదు. మామూలు గాలిలోనే 78 శాతం అదే. నెలకు రెండుసార్లు గేజితో చూడటం దానికన్నా మేలు.

తర్వాత షాక్ అబ్జార్బర్లు. ఒక మూల బానెట్ మీద బలంగా నొక్కి వదలండి. ఒకసారి లేచి స్థిమితపడాలి. రెండు మూడుసార్లు ఊగితే అది అయిపోయినట్టే. గొట్టం మీద పలచని తడి ఉంటే పర్వాలేదు. ఆయిల్ కారి దుమ్ము గడ్డకట్టి ఉంటే మార్చాలి, అదీ ఎడమ కుడి జతగా. చచ్చిన షాక్ ఉన్న చక్రం గతుకు మీద ఎగిరిన క్షణంలో నేలను తాకదు. తాకని టైరుకు పట్టు ఎక్కడిది?

బుష్‌లు (సస్పెన్షన్ కీళ్లలోని రబ్బరు తొడుగులు) వేసేటప్పుడు మెకానిక్కు దగ్గర నిలబడి ఒక సంగతి చూసుకోండి. కంట్రోల్ ఆర్మ్, కమాన్ కట్ట బోల్టుల చివరి బిగింపు బండిని జాకీ దించి చక్రాల మీద నిలబెట్టాకే చేయాలి. గాల్లో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలితిరిగి ఉండి త్వరగా చిరుగుతుంది. కమాన్ కట్ట యూ-బోల్టులు కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత మళ్లీ బిగించాలి. ఇక ముందు చక్రాన్ని లేపి, కింద గట్టి స్టాండు పెట్టి, పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆట ఉంటే బేరింగో బాల్ జాయింటో పోయింది. ఎడమా కుడీ పట్టుకుని ఊపినప్పుడు ఆడితే టై రాడ్ (స్టీరింగును చక్రానికి కలిపే కడ్డీ) చివరలు పోయినట్టు. ఇవన్నీ అయ్యాకే వీల్ అలైన్‌మెంట్. ముందు చేయిస్తే డబ్బు దండగ.

ఎడమ, కుడి చక్రాల సస్పెన్షన్‌ను కలిపే కడ్డీ, అంటే స్టెబిలైజర్ బార్ గురించి అపోహ ఎక్కువ. లావు బార్ వేస్తే బండి ఒరగడం తగ్గుతుంది, నిజమే. కడ్డీ బిగువు వ్యాసం నాలుగో ఘాతంతో పెరుగుతుంది కనక 24 మి.మీ. స్థానంలో 27 మి.మీ. వేస్తే 60 శాతం గట్టిపడుతుంది. కానీ బయటి చక్రాల మీదికి చేరే మొత్తం బరువు దాదాపు అంతే. దాన్ని గరిమనాభి ఎత్తు, చక్రాల వెడల్పు నిర్ణయిస్తాయి, కడ్డీ కాదు. ఒరగని బండి బోల్తా పడదనుకుని డ్రైవర్ వేగం పెంచితే మొదటికే మోసం. వెనక మాత్రమే గట్టి చేస్తే వెనక టైర్లు ముందుగా జారతాయి, ఇది ఇంకా చెడ్డది. కమాన్ కట్టలో అదనపు పట్టీ చేసేదీ అదే, పైగా తోక లేస్తుంది. కంపెనీ బార్‌కు కొత్త లింకులు, కొత్త బుష్‌లు చాలు.

చక్రాలు బయటికి జరపడానికి స్పేసర్లు వేసేవారున్నారు. కాగితం మీద గుణకం పెరుగుతుంది కానీ బేరింగు మీద, చక్రం బిగించే స్టడ్‌ల మీద భారం పెరుగుతుంది. విరిగేది వేగంలోనే. చట్టం కూడా ఒప్పుకోదు: తయారీదారు నిర్దేశించిన నమూనాకు భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డుకుంటుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే స్పష్టం చేసింది. ముందు గార్డులు తీయించమని కేంద్రం 2017లోనే రాష్ట్రాలకు చెప్పింది.

ఇంకా కొనకపోతే, ఈఎస్‌సీ ఉన్న వేరియంట్ వెతకండి. బండి అడ్డం తిరగబోతుంటే ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసి సరిచేసే ఏర్పాటు ఇది. తర్వాత బిగించుకోవడం కుదరదు. తాళం తిప్పగానే దాని దీపం వెలిగి ఆరాలి. అసలు వెలగకపోతే బల్బు తీసేశారేమోనని అనుమానించండి.

బోల్తాలో ప్రాణం తీసేది చాలాసార్లు బయటికి విసిరివేయబడటమే. ప్రతి బెల్టునూ విసురుగా లాగండి, పట్టేయాలి. అంచు పీచులు లేచినది మార్చాలి. బొలెరో వెనక ఎదురెదురుగా ఉండే పక్క సీట్లలో హైవే మీద పిల్లల్ని కూర్చోబెట్టకండి.

చివరిగా డ్రైవర్ చేతుల పని. మన రోడ్ల తారు అంచుకూ మట్టికీ మధ్య జానెడు లోతు ఉండే చోట్లు ఎన్నో. ఎడమ చక్రాలు దిగాయంటే భయంతో కుడికి లాగుతారు. టైరు పక్కగోడ తారు అంచుకు ఒరుసుకుంటూ లేవదు. ఇంకా తిప్పితే ఒక్కసారిగా ఎక్కి, బండి ఎదురు లైనులోకి అడ్డంగా దూకుతుంది. అలా దిగినప్పుడు స్టీరింగు తిన్నగా పట్టుకుని యాక్సిలరేటర్ మీంచి కాలు తీయాలి. బ్రేకు గట్టిగా తొక్కకూడదు. వేగం 30 కి.మీ. లోపు తగ్గాక, వెనకా ముందూ చూసుకుని, అంచు తక్కువగా ఉన్న చోట మెల్లగా తారు మీదికి ఎక్కించాలి.