పన్ను తీయించుకున్నాక మొదటి నాలుగు వారాలు

పన్ను తీయించుకుంటే గుండెపోటు వస్తుందేమోనన్న భయానికి కొంత ఆధారం లేకపోలేదు. అయితే ఆ ముప్పు ఎంతో, ఎన్నాళ్లో తెలియక చాలామంది చికిత్సను వాయిదా వేసి చిగుళ్ల జబ్బును ముదరబెట్టుకుంటున్నారు.

లండన్ పరిశోధకులు అమెరికాలో పేదలకు ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా అయిన మెడికెయిడ్ రికార్డులను పరిశీలించి 2010లో ఒక అధ్యయనం ప్రచురించారు. పొగతాగడం, మధుమేహం, పేదరికం వంటివి పళ్లనూ గుండెనూ కలిపి దెబ్బతీస్తాయి కాబట్టి ఒకరిని మరొకరితో పోలిస్తే లెక్క తప్పుతుంది. అందుకే వారు గుండెపోటో పక్షవాతమో వచ్చి, పంటికి కోతతో కూడిన చికిత్స కూడా జరిగిన 1,152 మందిని తీసుకుని, ఒక్కొక్కరి విషయంలో చికిత్స తర్వాతి వారాలను ఆ మనిషివే మిగతా రోజులతో పోల్చారు. మొదటి నాలుగు వారాల్లో ముప్పు సుమారు ఒకటిన్నర రెట్లు ఉంది. ఆరు నెలల్లోపు మామూలు స్థాయికి దిగింది. ఏ ఒక్క నెలలోనైనా గుండెపోటు వచ్చే అవకాశం చాలామందికి తక్కువే కనుక, దానికి ఒకటిన్నర రెట్లన్నా చిన్న సంఖ్యే. పైగా 2018లో వెలువడిన స్వీడన్ అధ్యయనంలో, తొలి గుండెపోటు విషయంలో ఆ పెరుగుదల కూడా కనిపించలేదు.

చికిత్స తర్వాత ముప్పు కొన్నాళ్లు ఎందుకు పెరగవచ్చో 2007 నాటి మరో ప్రయోగం చూపింది. తీవ్రమైన చిగుళ్ల జబ్బున్న 120 మందిలో కొందరికి చిగుళ్ల లోతుల్లోని గారను పూర్తిగా తీసి, చేతికి కట్టిన పట్టీని బిగించి వదిలినప్పుడు అక్కడి ధమని ఎంత విప్పారుతుందో కొలిచారు. మర్నాడు వారి రక్తంలో వాపు సూచికలు పెరిగాయి, ధమని సరిగా విప్పారలేదు. ఆరు నెలలకు మాత్రం, సాధారణ చికిత్స పొందినవారి కంటే వీరి ధమనులే మెరుగ్గా పనిచేశాయి. నా దృష్టిలో అసలు గమనించవలసింది ఈ రెండో ఫలితమే.

ఇంతకంటే పెద్ద ప్రమాదం మరొకటుంది. స్టెంట్ వేయించుకున్నవారు రక్తస్రావానికి భయపడి, రక్తం గడ్డకట్టకుండా వాడే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మాత్రలను సొంతంగా మానేస్తారు. పన్ను తీసిన చోట కారే రక్తాన్ని గాజుగుడ్డ అదిమిపెట్టో, కుట్టు వేసో సాధారణంగా ఆపవచ్చు. స్టెంట్‌లో గడ్డ కడితే ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి స్టెంట్ ఎప్పుడు వేశారో, ఏ మందులు వాడుతున్నారో దంతవైద్యునికి ముందే చెప్పాలి; మాత్రల విషయం గుండె వైద్యునితో మాట్లాడాకే తేల్చుకోవాలి. నడిచినప్పుడు దవడలో మొదలై, కూర్చోగానే తగ్గే నొప్పి పంటిది కాకపోవచ్చు. అప్పుడు ముందుగా చేయించుకోవలసింది గుండె పరీక్ష.