విపత్తు సహాయంలో డ్రోన్లు: అపోహలు - వాస్తవాలు

ఫైర్, విపత్తు సహాయక సిబ్బందికి డ్రోన్ ఎగరేయడం నేర్పించడం నా పని. క్లాసుకొచ్చేవాళ్లు ముందుగా అడిగేది ఏ మోడల్ కొనాలి, కెమెరా ఎంత దూరం చూస్తుంది అనే. డ్రోన్ గాల్లో ఉన్న టైముకే హెలికాప్టర్ కూడా వస్తే ఏం చేయాలని అడిగేవాళ్లు చాలా అరుదు. నన్నడిగితే అసలు ప్రశ్న అదే.

అపోహ: నాసా, ఇస్రోలకు రాకెట్లతో పని. మంటలార్పేవాళ్లతో ఏం సంబంధం?

నాసా విమానయానం మీద కూడా ఏళ్ల తరబడి పరిశోధన చేస్తోంది. తక్కువ ఎత్తులో తిరిగే డ్రోన్లకు ట్రాఫిక్ వ్యవస్థ ఎలా ఉండాలన్నది అందులో ఒక భాగం. ఇప్పుడు ఏసెరో అనే ప్రాజెక్టులో ఆ అనుభవాన్ని అమెరికా కార్చిచ్చుల మీద పెడుతున్నారు.

అక్కడి చిక్కు ఇది. పొగ కమ్మినా, చీకటి పడినా మంటల మీద నీళ్లు చల్లే విమానాలు చాలావరకు ఆగిపోవాల్సిందే. రాత్రి చల్లబడి, గాలిలో తేమ పెరిగి, మంట సాధారణంగా కాస్త నెమ్మదిస్తుంది. దాన్ని అదుపు చేయడానికి అదే మంచి సమయం. సరిగ్గా అప్పుడే విమానాలు నేల మీద ఉంటాయి. ఆ సమయాన్ని నాసా 'సెకండ్ షిఫ్ట్' అంటోంది. డ్రోన్ల సాయంతో దాన్ని పనిలోకి తేవాలన్నది వాళ్ల ప్రయత్నం.

2025 మార్చిలో కాలిఫోర్నియాలోని సలీనాస్ దగ్గర దీనికోసం ఒక పెట్టెను పరీక్షించారు. విమానంలో చేత్తో పట్టుకెళ్లే సూట్‌కేసంత ఉంటుంది. అందులో రేడియోలు, ఎలక్ట్రానిక్స్, గగనతలాన్ని చూసుకునే సాఫ్ట్‌వేర్ ఉంటాయి. మంట దగ్గర నిలబడ్డ డ్రోన్ పైలట్‌కి చుట్టుపక్కల ఇంకెవరు ఎగురుతున్నారో తెరమీద కనిపించాలి, తను ఎక్కడ ఎగరబోతున్నాడో మిగతావాళ్లకీ తెలియాలి. కొత్త డ్రోన్ కంటే ఇలాంటి పెట్టే ఎక్కువ ప్రాణాలు కాపాడుతుందని నా గట్టి నమ్మకం.

అపోహ: చిన్న డ్రోనే కదా, విమానాన్ని ఏం చేస్తుంది?

2025 జనవరి 9న లాస్ ఏంజెలెస్ పాలిసేడ్స్ మంటల దగ్గర ఏం జరిగిందో చూడండి. మంటలు చూద్దామని ఒకాయన పార్కింగ్ భవనం పైనుంచి డ్రోన్ లేపాడు. అది రెండు కిలోమీటర్లు దాటిపోయి, కంటికి కనిపించకుండా పోయి, నీళ్లు చల్లుతున్న సూపర్ స్కూపర్ విమానం ఎడమ రెక్కకు తగిలింది. సుమారు 3 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల పొడవున చిల్లు పడింది. సిబ్బంది క్షేమంగా దిగారు. కానీ ఊరు తగలబడుతున్న రోజుల్లో ఆ విమానం రిపేరు కోసం ఆగిపోయింది.

అపోహ: 400 అడుగుల లోపే ఎగరేస్తే హెలికాప్టర్‌తో ఇబ్బంది ఉండదు.

మన డ్రోన్ రూల్స్ 2021 ప్రకారం గ్రీన్ జోన్‌లో, అంటే డ్రోన్ మ్యాపులో ఆంక్షల్లేని ప్రాంతంలో, 400 అడుగుల వరకు అనుమతి అక్కర్లేదు. అది మామూలు రోజుల లెక్క. వరదలో ఆహారం జారవిడిచే హెలికాప్టర్ డాబాల మీదికి దిగి వస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడను ముంచినప్పుడు హెలికాప్టర్లూ, డ్రోన్లూ రెండూ ఆహారం అందించాయి. అలాంటి చోట ఎత్తుల మీద భరోసా పెట్టుకోకూడదు. ఎవరు ఎప్పుడు ఎగరాలో చెప్పే మనిషి ఒక్కరే ఉండాలి. 'దించు' అని రేడియోలో వినబడగానే, బిల్డింగ్ మీద ఎవరో చేతులూపుతున్నా సరే, డ్రోన్ దిగాల్సిందే. క్లాసులో నేను అన్నిటికంటే ఎక్కువసార్లు చేయించేది ఇదే.

ఇక్కడే మన పరిశోధన సంస్థల సాయం కావాలి. విమానాల మీద పరిశోధన చేసే బెంగళూరు ఎన్ఏఎల్‌లో ఆక్టాకాప్టర్ (ఎనిమిది రెక్కల డ్రోన్) తయారైంది, దాంతో కోవిడ్ వ్యాక్సిన్లు కూడా పంపారు. విమానాలు తెలిసినవాళ్లు, డ్రోన్లు తెలిసినవాళ్లు ఒకే చోట ఉన్నారు. కరెంటు తీగలు, జోరు వాన, పనిచేయని సెల్ టవర్ల మధ్య నిలబడే పెట్టె ఒకటి మనకూ కావాలి. దాన్ని వానాకాలానికి ముందే ఎన్డీఆర్ఎఫ్, ఫైర్ సిబ్బంది చేతికిచ్చి డ్రిల్ చేయించాలి.

అపోహ: శాటిలైట్ ఉండగా డ్రోన్ దండగ.

రెండూ కావాలి. హైదరాబాద్ బాలానగర్‌లోని ఇస్రో శాటిలైట్ చిత్రాల కేంద్రం ఎన్ఆర్ఎస్‌సీ ఇచ్చే రాడార్ చిత్రాలు మబ్బుల్లోంచి కూడా నీళ్లు ఎంతమేర పరుచుకున్నాయో చూపిస్తాయి. ఏ డాబా మీద ఎవరున్నారో చెప్పేది డ్రోన్. మామూలు డ్రోన్ బ్యాటరీ అరగంట అటూఇటూ, బరువు మోస్తే ఇంకా తక్కువ. కాబట్టి మ్యాప్ చూసుకున్నాకే లేపాలి.

అపోహ: థర్మల్ కెమెరా ఉంటే ఎవరున్నా దొరికిపోతారు.

అది చూసేది పైభాగం వేడినే. రేకు కింద, గాజు వెనక, నీళ్లలో మునిగిన మనిషి దానికి కనిపించడు. మధ్యాహ్నం రాళ్లు, రోడ్లు కాగి ఉన్నప్పుడు మనిషి వాటిలో కలిసిపోతాడు. తడిబట్టలతో వణుకుతున్నవాళ్లు ఇంకా మసకగా ఉంటారు. తెల్లవారుజామున బాగా తేడా తెలుస్తుంది. అప్పుడు కూడా తెరమీద తెల్లగా కనిపించిన చుక్క గేదె కావచ్చు, కుక్క కావచ్చు. కొంచెం దిగి, మామూలు కెమెరాతో చూసి, అప్పుడే పడవను పంపాలి.

సొంత డ్రోన్ ఉండి, సాయం చేద్దామనుకునేవాళ్లకి ఒక మాట. ముందు జిల్లా కంట్రోల్ రూమ్‌కి ఫోన్ చేసి పేరు, డ్రోన్ వివరాలు ఇవ్వండి. పిలుపు వచ్చేదాకా ఎగరేయకండి.